మనం చూడ్డానికి ఎప్పుడు పోతాం?



మొన్న మా మండల కమిటీ సమావేశంలో చిన్న గొడవ జరిగింది. అంబేద్కర్ జయంతికి వసూలైన చందాల్లో ఖర్చులు పోను కొంత డబ్బు మిగిలింది. దాన్నేం చెయ్యాలని చర్చ. సొంత మైకు సెట్టు కొందామని ఒకరన్నారు. విగ్రహానికి మళ్లీ రంగులేయిద్దామని ఇంకొకరన్నారు. వచ్చే ఏడాది ఫ్లెక్సీలకు దాచిపెడదామని మరొకరన్నారు. నేను లేచి, "ఒక బస్సు మాట్లాడి పల్లెలో పిల్లల్నీ ఆడవాళ్లనూ నాగార్జునకొండ తీసుకుపోదాం" అన్నాను.

ముందు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నవ్వారు. ముప్ఫయ్యేళ్లుగా జెండా మోస్తున్న ఒక తమ్ముడు మాత్రం నవ్వలేదు. "అన్నా, జనం చందాలిచ్చింది ఉద్యమానికి, షికార్లకు కాదు. నువ్వు ఉద్యోగం చేసినోడివి. ఢిల్లీ చూశావు, లండన్ చూశావు. నీకట్టాగే ఉంటది. కూలికి పోతేగాని కుండ కాలని మనుషులకు విహారయాత్రలేంది?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అందులో ఏ నిజమూ లేకపోతే గుచ్చుకునేది కాదు. ఆ రోజు అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పదిరోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. ఆ తమ్ముడూ చదువుతాడు, మీరూ చదవండి.

మన పల్లెల్లో ప్రయాణాలు చెయ్యనివాళ్లు ఎవరున్నారు? పాలమూరు నుంచి బొంబాయికి పోయినోళ్లు మనోళ్లే. మిరపకోతల కాలంలో పిల్లాజెల్లాతో గుంటూరు జిల్లాకు వచ్చేది మనోళ్లే. కరీంనగర్ నుంచి దుబాయికి పోయినోళ్లలో మనవాళ్లున్నారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లలో మన అక్కచెల్లెళ్లున్నారు. తెల్లవాడి కాలంలో కూలికి ఓడెక్కి బర్మాకు, మారిషస్‌కు, దక్షిణాఫ్రికా చెరకు తోటలకు పోయిన తెలుగువాళ్లలో ఎందరు మాల మాదిగలో! సముద్రం దాటితే కులం పోతుందని పైకులాల వాళ్లు ఇంట్లో కూచున్న రోజుల్లో మనం సముద్రాలు దాటాం. పోవడానికి మన దగ్గర ఆ కులమన్నా ఏముంది గనక!

అయితే ఈ ప్రయాణాలన్నిటికీ గుర్తు ఒకటే. నెత్తిన మూట, చేతిలో సత్తుగిన్నె. పనికి పోయాం. చావులకు పోయాం. గుణదల తిరునాళ్లకు, మొక్కులకు పోయాం. మీటింగులకు లారీలెక్కి పోయాం. ఊరికే చూడ్డానికి ఎప్పుడు పోయాం?

మా పెదనాయన మద్రాసు హార్బరులో తొమ్మిదేళ్లు మూటలు మోశాడు. చిన్నప్పుడు నేనడిగాను, "పెదనాయనా, మెరీనా బీచి చూశావా?" అని. "సముద్రం పక్కనే గదరా మా పని" అన్నాడు. "అది కాదు, చూడ్డానికి పోయావా?" అని మళ్లీ అడిగాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "పని లేకుండా సముద్రం కాడికి ఎందుకు పోతార్రా?" అన్నాడు. తొమ్మిదేళ్లు! నేను ఇన్నేళ్లలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. మన బతుకుని ఇంత సూటిగా చెప్పిన మాట తక్కువే విన్నాను.

నా మొదటి విహారయాత్ర 1972లో. నేను పదో తరగతి. బడివాళ్లు నాగార్జునసాగర్ ఎక్స్‌కర్షన్ పెట్టారు. మనిషికి పన్నెండు రూపాయలు. మా అమ్మ తిరునాళ్లకని పెంచుకున్న పుంజుని అమ్మి ఆ డబ్బు కట్టింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. డ్యాం దగ్గర దిగగానే మాస్టారు చెప్పాడు, 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు ఇక్కడ శంకుస్థాపన చేశారు, రాతికట్టడంతో లేచిన ఇంత పెద్ద డ్యాం మన తెలుగువాళ్లకు గర్వకారణం అని. రాళ్లు మోసిందెవరో చెప్పలేదు. మా మేనమామ మోశాడు. ఆయన రెండేళ్లు అక్కడ గుడిసెలో ఉండి రాయి మోసి, మోకాళ్లు అరగదీసుకుని వచ్చాడు. నేను చెయ్యెత్తి ఆ మాట చెబుదామనుకున్నాను. ఎత్తలేదు.

మధ్యాహ్నం చెట్ల కింద అందరూ క్యారియర్లు విప్పారు. నాది జొన్నన్నం, గోంగూర పచ్చడి, గుడ్డలో మూట. నేను పోయి వరసలో కూచున్నాను. క్లాసు లీడరు, నా బెంచీలో నా పక్కన కూచునేవాడే, "కాస్త అవతలగా కూచోరా" అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగా. మాస్టారు చూశాడు. చూసి డ్యాం వైపు తిరిగాడు. నేను బస్సు వెనక్కిపోయి చక్రానికి ఆనుకుని తిన్నాను. ఇంటికొచ్చాక అమ్మ "ఏం చూశావురా?" అని అడిగింది. "నీళ్లు" అన్నాను. పుంజు ఖరీదుకి ఆమెకు దక్కిన జవాబు అదీ.

తర్వాత రిజర్వేషన్ల పుణ్యాన, కాదు, పుణ్యం అనకూడదు, బాబాసాహెబ్ పోరాటాన నాకు తపాలా శాఖలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో ఎల్‌టీసీ వచ్చింది. తెలియనివాళ్లకు చెబుతాను. నాలుగేళ్లకొకసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికన్నా పోయిరావడానికి సర్కారు టిక్కెట్ల ఖర్చిస్తుంది. మా వంశంలో చూడ్డానికని రైలెక్కిన మొదటి మనిషిని నేను. 1988లో ఢిల్లీ, ఆగ్రా పోయాం. నేను, నా భార్య, ఎనిమిదేళ్ల కూతురు, ఒళ్లో కొడుకు.

రైల్లో ఎదురు సీట్లలో మన జిల్లా వాళ్లే దొరికారు. మంచివాళ్లు. పిల్లల్ని ముద్దుచేశారు. నా భార్య చేసిన పులిహోర తిన్నారు, బాగుందన్నారు. చీకటి పడే వేళకు ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ ప్రశ్నలకు ఒక వరస ఉంటుంది, మీ అందరికీ తెలుసు. ముందు "ఏ ఊరు?" తర్వాత "ఊళ్లో ఏ వైపు?" తర్వాత "ఇంటిపేరు?" తర్వాత "ఫలానావాళ్లు మీకేమవుతారు?" ఎటూ తేలకపోతే చివరికి, "మీరేవిట్లు?" నేను వాటన్నిటినీ తప్పించుకున్నాను. గుంటూరు టౌను అన్నాను, తాతల నాడే వచ్చేశాం అన్నాను. ఆఫీసులో ఇరవైమంది మధ్య గొంతెత్తి యూనియన్లో మాట్లాడేవాణ్ణి, రైల్లో దొంగలా మాట్లాడాను.

పొద్దున్నే నా కూతురు వాళ్ల పాపకు తన చెప్పులు చూపించింది. "మా తాత కుట్టాడు. మా తాత ఎవరికైనా కుడతాడు" అంది గర్వంగా. పై బెర్తు మీద నుంచి ఆ మాట విన్నాను. కిందికి చూస్తే ఆ తల్లి మొహం మారింది. గట్టిగా ఏమీ అనలేదు. వాళ్ల పాపను దగ్గరికి లాక్కుంది. నీళ్ల కూజా మా వైపు నుంచి తీసి అటు పెట్టుకుంది. మధ్యాహ్నం మేం పెట్టబోతే "ఇప్పుడే తిన్నామండీ" అంది. నేనేం చేశాననుకున్నారు? ఆవిణ్ణి అడిగానా? లేదు. నా కూతుర్ని గిల్లాను. అది ఎందుకో తెలియక ఏడ్చింది.

తాజ్‌మహల్ చూశాం. ఎట్లా ఉందని అడిగితే నాకిప్పుడు సరిగా గుర్తురాదు. ఆ గిల్లుడు గుర్తుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు బాబాసాహెబ్ రాసిన ఒక చిన్న పుస్తకం చేతికొచ్చింది. పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అంటే వీసా కోసం కాచుకుని ఉండటం. ఆయన బతికుండగా అది పుస్తకంగా రాలేదు. 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్లు అచ్చువేశారు. ఆయన చదువుకున్న అమెరికా కొలంబియా విశ్వవిద్యాలయంలో దాన్ని పాఠంగా చెప్పారు. ఆ పేరులోనే ఉంది అంతా. పరాయిదేశం పోవడానికి వీసా కావాలి, మనకేమో పుట్టిన దేశంలో బండెక్కడానికీ బాయి దగ్గరికి పోవడానికీ వీసా కావాలి.

అందులో మొదటి సంగతే ఒక వేసవి సెలవుల ప్రయాణం. 1901. భీమ్‌రావుకి పదేళ్లు. తండ్రి కోరేగావ్‌లో క్యాషియర్ పనిలో ఉన్నాడు, పిల్లల్ని సెలవులకు రమ్మని ఉత్తరం రాశాడు. పిల్లలు నలుగురు. భీమ్‌రావు, అన్న, అక్క కొడుకులు ఇద్దరు. కొత్త కోట్లు, కొత్త టోపీలు, కొత్త బూట్లు. జీవితంలో మొదటిసారి రైలు. మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు ముద్దుగా పలకరించాడు, బ్రాహ్మల పిల్లలనుకున్నాడు. "మహర్లం" అనగానే వెనక్కి తగ్గాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది. వెంట తిండి ఉంది, తాగడానికి నీళ్లు లేవు. టోల్‌గేటు దగ్గర ముసల్మానులమని అబద్ధం చెప్పినా నీళ్లు దొరకలేదు. కట్టుకున్న అన్నం పక్కనే పెట్టుకుని ఆకలితో పడుకున్నారు.

నేను ఆ పేజీల దగ్గర ఆగిపోయాను. ఆ పిల్లలు ముసల్మానులమన్నారు, నేను గుంటూరు టౌనన్నాను. మధ్యలో ఎనభై ఏడేళ్లు గడిచాయి.

నా తమ్ముడికి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ పుస్తకంలోనే ఇంకోచోట ఉంది. 1934లో ఉద్యమంలో పనిచేసే సహచరులు కొందరు బాబాసాహెబ్‌ని అడిగారు, అందరం కలిసి నాలుగు చోట్లు చూసొద్దాం, మీరూ రండి అని. గమనించు తమ్ముడూ, మహాసభకు కాదు, సత్యాగ్రహానికి కాదు. చూడ్డానికి. మహద్ చెరువు పోరాటం అయి అప్పటికి ఏడేళ్లు. రౌండ్‌టేబుల్ సమావేశాలు అయిపోయాయి, పూనా ఒడంబడిక అయిపోయింది. నెత్తిమీద ఎంత పని ఉన్న మనిషి! "షికార్లేంటి, ఉద్యమం మానేసి" అనలేదు. సరేనన్నాడు. వేరూల్ బౌద్ధ గుహలు, మనం ఎల్లోరా అంటాం, అవి తప్పకుండా చూడాలని అనుకున్నారు. ముప్ఫైమంది దాకా బయల్దేరారు.

దారిలో దౌలతాబాద్ కోట. అది అప్పుడు నిజాం రాజ్యంలోది, అంటే మన హైదరాబాద్ సంస్థానంలోది. రంజాన్ నెల. దుమ్ముకొట్టుకుపోయి ఉన్నారు. కోట ద్వారం బయట నిండుగా నీళ్లున్న చిన్న చెరువు కనిపించింది. మొహాలు కడుక్కున్నారు. ఒక ముసలాయన కేకలేసుకుంటూ వచ్చాడు, అంటరానివాళ్లు చెరువు మైలపరిచారని. జనం పోగయ్యారు, తిట్లు, బెదిరింపులు. మీ మతం ఇదే చెప్పిందా, మేం మతం మారి మీలో కలిస్తే అప్పుడు తాగనిస్తారా అని బాబాసాహెబ్ ఎదురడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. చివరికి కోట చూడనిచ్చారు, లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదనే షరతు మీద. ముట్టుకుంటారేమోనని వెంట తుపాకీ పట్టిన సిపాయిని పంపారు. అప్పటికి కొలంబియా, లండన్ డాక్టరేట్లు రెండూ పుచ్చుకున్న మనిషి, పక్కన సిపాయి కాపలాతో కోట చూశాడు!

అందుకే అంటున్నాను. చూడ్డానికి పోవడం అంటే ఉద్యమం మానెయ్యడం కాదు. ఏ చెరువు దగ్గర మనల్ని ఆపుతారో, ఏ హోటల్లో గ్లాసు వేరే పెడతారో, ఏ సీట్లో కూచుంటే ఎవడికి మండుతుందో తెలిసేది మనం పని లేకుండా, తలెత్తుకుని, మామూలు మనుషుల్లా బయటికి పోయినప్పుడే. కూలికి పోయినప్పుడు ఎవడూ ఆపడు, మన చెయ్యి వాడికి కావాలి. సరదాకి పోతేనే వాడికి నొప్పి. చుండూరు ఎక్కడ మొదలైంది? భూమి దగ్గర కాదు, కూలి దగ్గర కాదు. మన కుర్రాడు సినిమాకు పోయాడు. హాల్లో కాలు తగిలింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అసలు కారణాలు చాలా ఉన్నాయి. మనవాళ్లు చదువుకున్నారు, ఉద్యోగాలకు పోతున్నారు, వంగడం లేదు. కానీ ఆ కడుపుమంట రేగడానికి చోటు దొరికింది సినిమా హాలు. మన సరదా వాళ్లకు అంత భరించరానిది.

ఇదొక్క మన దేశం సంగతే కాదు. అమెరికాలో నల్లవాళ్లు కార్లు కొనుక్కున్న రోజుల్లో వాళ్లకు దారిలో తిండి పెట్టే హోటలు, పడుకోనిచ్చే లాడ్జి ఎక్కడుందో తెలిసేది కాదు. పొద్దుగూకాక నల్లవాడు ఊళ్లో కనిపించగూడదనే ఊళ్లుండేవి. 1936లో న్యూయార్క్ హార్లెంలో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి మనిషి ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పెట్రోలు పోస్తారో ఊరూరా వివరాలు సేకరించి పుస్తకం వేశాడు. 'గ్రీన్ బుక్' అంటారు. ముప్ఫయ్యేళ్లు వచ్చింది. ఈ పుస్తకం అవసరం లేని రోజు వస్తుందని ఆయన అందులోనే రాశాడు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక కొద్దికాలానికే అది ఆగిపోయింది. గ్రీన్ ఉద్యోగమేమిటో తెలుసా? ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్! నేను ముప్ఫై ఏడేళ్లు తపాలా శాఖలో పనిచేశాను. ఊళ్లో ఏ హోటల్లో రెండు గ్లాసులున్నాయో మా పోస్ట్‌మ్యాన్లకు తెలుసు. అట్లాంటి పుస్తకం మనం వెయ్యొచ్చని ఒక్కరికీ తట్టలేదు.

ఇక నా ప్రయాణాల్లో మంచిది చెబుతాను. 2006లో నాగపూర్ దీక్షాభూమికి పోయాం. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న బౌద్ధం తీసుకుని అప్పటికి యాభై ఏళ్లు. మా పల్లె నుంచి పదకొండు మందిమి జనరల్ పెట్టెలో నిలబడి పోయాం. అదీ ఒక రకంగా మీటింగే అని నా తమ్ముడు ఒప్పుకుంటాడు. కానీ నేను చెప్పేది స్తూపం గురించి కాదు, మాతో వచ్చిన మా పిన్నమ్మ గురించి.

ఆమెకు అప్పటికి అరవై దాటాయి. నాటుకు, కోతకు, కలుపుకు తప్ప ఊరి పొలిమేర దాటింది తక్కువ. అక్కడ దిగాక మేమందరం పుస్తకాల దుకాణాల మీద పడ్డాం. అన్నం ఊరికే పెడుతున్నారు, నీళ్లు వాళ్లే తెచ్చి ఇస్తున్నారు. లక్షల జనంలో ఒక్కరూ "మీరేవిట్లు?" అని అడగలేదు. సాయంత్రానికి చూస్తే పిన్నమ్మ లేదు. భయపడి వెతికాం. ఒక చెట్టు కింద కాళ్లు బారజాపుకుని కూచునుంది, వచ్చేపోయే జనాన్ని చూస్తూ. "ఏందే, ఇక్కడ కూచున్నావు? ఏమన్నా చూశావా?" అన్నాను. "చూస్తానే ఉన్నా గదరా. పొద్దున్నించి నన్ను ఎవరూ పిలవలేదురా అబ్బాయ్" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఎవరూ పలకరించలేదని బాధపడుతుందేమో అనుకున్నాను. కాదు. ఆమె నవ్వుతోంది. ఒసే రావే, గడ్డి మోపెత్తు, పేడ తియ్యి, అంట్లు తోము అని పొద్దున్నించి ఎవరూ కేకెయ్యలేదు. అరవయ్యేళ్లలో ఒక్క రోజు. తర్వాత నాలుగేళ్లకు చచ్చిపోయింది. ఆ చెట్టు గురించి ఎన్నిసార్లు చెప్పిందో! స్తూపం లోపలికి పోయిందో లేదో ఎవరికీ తెలియదు.

లండన్ సంగతి కూడా చెప్పేస్తాను, తమ్ముడు ఎత్తిపొడిచాడు గనక. కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తుంటే 2019లో రెండు నెలలు పోయాం. నా భార్యకు రాణిగారి కోట చూడాలని, నాకు బాబాసాహెబ్ ఉన్న ఇల్లు చూడాలని. రెండూ చూశాం. కింగ్ హెన్రీస్ రోడ్డు పదో నంబరు ఇల్లు. 1921, 22లో చదువుకునేటప్పుడు ఆయన అక్కడ ఉన్నాడు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకం చేసింది. మేం పోయినప్పుడు ఆ ఇంటి మీద తగాదా నడుస్తోంది. ఇళ్లమధ్య మ్యూజియం ఏమిటి, జనం వచ్చిపోతే గోల అని చుట్టుపక్కలవాళ్లు అభ్యంతరం పెట్టారు, అక్కడి కౌన్సిలు అనుమతివ్వలేదు. చివరికి 2020లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. మనవాడు అద్దెకున్న ఇంటికి కూడా నూరేళ్ల తర్వాత వీసా కావలసొచ్చింది.

ఒక ఆదివారం కొడుకు స్నేహితులు పార్కులో కలిశారు. అందరూ తెలుగువాళ్లే. ఒకాయన నా పక్కన కూచుని మొదలుపెట్టాడు. "గుంటూరాండీ? ఊళ్లో ఏ వైపు?" ఏడు సముద్రాలు దాటినా వరస తప్పలేదు. ఈసారి చివరి ప్రశ్న దాకా ఆయన్ని కష్టపెట్టలేదు. "మాదిగలం బాబూ. మా నాన్న చెప్పులు కుట్టేవాడు" అన్నాను, పక్కవాళ్లకు కూడా వినపడేట్టు. "అయ్యో, నేనందుకు అడగలేదండీ, ఇక్కడ మేం అవన్నీ పట్టించుకోం" అన్నాడు. పట్టించుకోనివాడు అడగడమెందుకు? నా కొడుకు తలొంచుకున్నాడు. వాడు అక్కడ ఎవరికీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. వాణ్ణి నేనేమీ అనలేదు. కూతుర్ని గిల్లిన చెయ్యి నాది. చెబితే అక్కడ వాడికి అండగా ఏముంది? బ్రిటన్ సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు చట్టం చేసింది, 2018లో ప్రభుత్వం అక్కర్లేదని వెనక్కిపోయింది. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. ఆ దేశంలో అట్లా చేసిన మొదటి నగరం అదే. విమానంలో కులం కూడా ఎక్కి దిగిందని ఆ తెల్లవాళ్లు గుర్తించారన్నమాట.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి రాళ్లు చూశాను. మా ఊరికి ముప్ఫై మైళ్ల దూరం అమరావతి. అక్కడ చూడాల్సిన శిల్పాల కోసం ఇంతదూరం రావాల్సొచ్చింది. ఎట్లా పోయాయో టూకీగా చెబుతాను. 1790లలో అక్కడి జమీందారు మనుషులు కట్టడాలకు రాయి కోసం దిబ్బ తవ్వితే స్తూపం బయటపడింది. చాలా రాళ్లు సున్నానికి కాల్చారు. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కడ ఆరుబయట ఏళ్లపాటు పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. 1880లో మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు అద్దాల గదిలో, చెమ్మ తగలకుండా ఉన్నాయి. నా భార్య గంటసేపు కదల్లేదు. "ఈ చీరకట్టు చూడు, ఈ కడియాలు చూడు, మన అమ్మమ్మలవే" అంది.

తిరిగొచ్చాక లైబ్రరీలో అమరావతి శాసనాల పుస్తకం తిరగేశాను. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి శాసనం ఒకటి కనపడింది. విధికుడనే అతను తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టపక్కాలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి దానం చేశాడు. పేరుకు ముందు తన వృత్తి చెప్పుకున్నాడు, చమ్మకార. అంటే తోలుపని చేసేవాడు! తండ్రి ఉపాధ్యాయుడు. మళ్లీ చదవండి. తోలుపనివాడి తండ్రి ఉపాధ్యాయుడు! ఆ ఇంటివాళ్లు స్తూపం గడప బయట నిలబడలేదు, రాతి మీద పేరు చెక్కించుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ముద్ర మీద ఇప్పుడున్న పూర్ణఘటం అమరావతి శిల్పం నుంచి తీసుకున్నదే. ప్రతి సర్కారు కాగితం మీదా ఉంటుంది. అట్లాంటి ఘటాన్ని చెక్కించిన వాళ్లలో ఒక చెప్పులు కుట్టే కుటుంబం ఉందని మన పిల్లలకు ఎవరు చెప్పారు? నేను లండన్ పోకపోతే నాకే తెలిసేది కాదు. నా కూతురు రైల్లో గర్వంగా చెప్పిన మాట పద్దెనిమిది వందల ఏళ్ల కింద ఒకడు రాయి మీద చెక్కించాడు.

ఇప్పుడు నా తమ్ముడి మాటలో ఉన్న నిజం దగ్గరికి వస్తాను. మన ఉద్యోగులు ఎల్‌టీసీల మీద, సొంత డబ్బుల మీద తిరుగుతున్నారు. ఊటీ, సింగపూర్, దుబాయి. ఫొటోలు వాట్సాప్‌లో పెడుతున్నారు. పల్లెకు మాత్రం రారు. దసరాకు, క్రిస్మస్‌కు వచ్చినా కారు దిగకుండా పలకరించి పోతారు. వాళ్లకు సెలవు దొరికింది, కానీ ఒక్కళ్లకే దొరికింది. ఏసీ పెట్టెలో పోతూ ఇంటిపేరు దాచుకుంటున్నారు, నేను దాచుకున్నట్టే. వాళ్లను తిడితే తమ్ముడితో గొంతు కలుపుతాను. ఆ తిట్లలో నా వాటా కూడా తీసుకుంటాను. ముప్ఫై ఏడేళ్లలో ఎన్నో ఎల్‌టీసీలు వాడాను, ఒక్కసారన్నా పల్లెలో ఇంకో ఇంటి పిల్లకి టిక్కెట్టు కొని వెంట తీసుకుపోలేదు.

కానీ "మన జనానికి విహారమేంది?" అనే మాట మనది కాదు తమ్ముడూ. అది మోతుబరి మాట. పనోడు పని చేసుకోవాలి, పని లేనప్పుడు పడుకోవాలి అని వాడు అనుకుంటాడు. మన జెండా కింద నిలబడి మనం అనగూడదు. పిన్నమ్మకు ఒక చెట్టు కింద ఒక పగలు ఊరికే కూచునే హక్కు లేదా?

లెక్క వేశాను. బస్సు బాడుగ, లాంచీ టిక్కెట్లు, మ్యూజియం టిక్కెట్లు, రెండు పూటల తిండి. మొన్న జయంతికి సౌండు బాక్సులకు, ఫ్లెక్సీలకు పెట్టినదాంట్లో సగం కాదు. మిగిలిన డబ్బు చాలకపోతే తక్కువ పడింది నా పెన్షన్లోంచి వేస్తాను. రిజర్వాయర్లో నీళ్లు తగ్గితే కొండకు లాంచీలు తిరగవు, కాబట్టి వానలు పడి సాగర్ నిండాక పోదాం. కార్తీకంలో వద్దు, రద్దీ. కూలి పోగొట్టుకునే వాళ్లు ఉంటారు గనక నాట్లు, కోతలు లేని వారం చూసుకోవాలి. ఆ సంగతి ఆడవాళ్లనే అడుగుదాం, రోజు వాళ్లే చెబుతారు. పిల్లలకు బుద్ధుడి గురించి, నాగార్జునుడి గురించి, విధికుడి గురించి చెప్పడానికి మన హైస్కూలు పంతులమ్మ ఒప్పుకుంది. డ్యాం దగ్గర రాళ్లు మోసినవాళ్ల గురించి నేను చెబుతాను, ఈసారి చెయ్యెత్తకుండానే.

అన్నం మాత్రం డ్యాం కింద ఆ చెట్ల దగ్గరే తిందాం, అందరం ఒకే వరసలో. చెట్లు ఇంకా ఉన్నాయో లేదో పోయి చూసొస్తాను.

పేర్లు ఇవ్వాల్సినవాళ్లు వచ్చే కమిటీ రోజుకల్లా ఇవ్వండి. నా తమ్ముడి పేరు నేనే రాసేశాను. కిటికీ పక్క సీటు.